వైజాగ్‌లో ఉంటూ ఫిల్మ్ కెమెరాతో సొంత ఫొటోలు తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సెకండ్ హ్యాండ్‌లో పెంటాక్స్ కె1000, దానికి 50 ఎంఎం లెన్సు కొన్నారు. ఉండేది సీతమ్మధారలో. ఉద్యోగం వల్ల ఆదివారాలు, పండగ సెలవులు తప్ప తీరిక దొరకదు. కొన్ని రీళ్ళు తీశారు గానీ ఆర్కే బీచ్, కైలాసగిరి, సూర్యోదయం, అన్నీ ఎవరో ఇదివరకే తీసేసిన ఫొటోల్లా వస్తున్నాయని బాధపడుతున్నారు. "లడఖ్, కాశీ లాంటి చోట్లకి వెళ్తే తప్ప నాదీ అనిపించే పని రాదా? మీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడినుంచి వస్తుంది మేడమ్?" అని అడిగారు. బీచ్ ఫొటోల్లో మనుషులు నల్లగా వస్తున్నారని, ఈమధ్య మీటర్ (కెమెరాలో వెలుతురు కొలిచే భాగం) సూది కదలట్లేదని కూడా రాశారు, సూది సంగతి చివర్లో చెప్తాను.

సూటిగా చెప్పాలంటే, లడఖ్ వెళ్ళక్కర్లేదు. ఇంటినుంచి అరగంటలో చేరుకోగలిగే చోటు ఒక్కటి ఎంచుకోండి. అదే కెమెరా, అదే లెన్సు, ఒకే రకం ఫిల్మ్‌తో ఏడాదిపాటు అక్కడికే వెళ్ళండి. రెండోసారి వెళ్ళేటప్పుడు, మొదటిసారి మీరు ఫొటో తీసినవాళ్ళ ప్రింట్లు పట్టుకెళ్ళి వాళ్ళ చేతికివ్వండి. సొంత పని ఆ రెండోసారి నుంచే మొదలవుతుందని నా గట్టి నమ్మకం.

నేను పెళ్ళిళ్ళు, ఫంక్షన్లు డిజిటల్‌లో తీసి బతుకుతాను. ఫిల్మ్ మాత్రం ఎవరి ఆర్డరూ లేకుండా నాకోసం చేసుకునే పని. నా దగ్గరున్నవి ఒక నికాన్ ఎఫ్ఎం2, ఒక యాషికా మ్యాట్ 124జి. ఈ సొంత ఫొటోలన్నీ దాదాపుగా వైజాగ్, భీమిలి, అరకు, సింహాచలం చుట్టూ తీసినవే. ఇవి తక్కువవని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ ఎందుకంటే, కొత్త చోటుకి వెళ్ళినప్పుడు ఎవరి కంటికైనా ముందు ఆనేది అందరికీ ఆనేదే. కొండ, అల, గుడి గోపురం, సూర్యుడు. రీల్లో ఉన్న 36 ఫ్రేములూ వాటికే అయిపోతాయి. ఆ చోటు పాతబడ్డాకే మిగతావి కనిపించడం మొదలవుతుంది. ఏ గోడ మీద ఎన్నింటికి ఎండ పడుతుంది, ఏ మనిషి ఎప్పుడొస్తాడు, ఎవరికి ఎవరితో పడదు, వర్షం పడితే ఎవరు ఎక్కడ చేరతారు. ఇవి తెలిశాక మీరు తీసే ఫొటో టూరిస్టు తీయలేడు. వారం రోజుల లడఖ్ ట్రిప్పులో బండి ఆగినచోటే కెమెరా తీస్తాం, ఆ బండి అందరికీ అక్కడే ఆగుతుంది.

మా ఊరి ఫిషింగ్ హార్బర్‌నే తీసుకోండి. నేను ఎక్కువగా పనిచేసింది అక్కడే. తెల్లవారకముందే మరబోట్లు వచ్చి జెట్టీకి ఆనుకుంటాయి. చేపల్ని రకాలవారీగా కుప్పలు పోస్తారు. వంజరం ఒకవైపు, చందువ ఒకవైపు, రొయ్యలు ట్రేలలో. వేలం పాట మొదలవుతుంది. పక్కన ఐస్ దిమ్మలు మిషన్లో పడి పొడి అవుతుంటాయి, ఆ చప్పుడులో పాట పాడేవాడి గొంతు ఇంకా పైకి లేస్తుంది. నేలంతా నీళ్ళు, పొలుసులు. కొత్తవాళ్ళకి ఆ తడి చిరాకు, ఫొటో తీసేవాళ్ళకి అదే ఆస్తి. తూర్పున వెలుతురు రాగానే ఆ తడినేల దాన్ని పైకి కొడుతుంది. తలమీద ట్రే పెట్టుకుని నడిచే ఆవిడ ముఖం మామూలుగా అయితే నీడలో పోవాలి. ఇక్కడ కిందనుంచి వెలుతురు తగిలి కళ్ళు, చెంపలు, ముక్కుపుడకతో సహా కనిపిస్తాయి. ఎండ గట్టిపడి నేల ఆరిపోతే ఈ మేలు పోతుంది. అందుకే హార్బర్లో నా పని ఏడున్నరలోపే.

అక్కడ చేపలమ్మే ఒకావిడని మొదట్లో తీశాను. నోట్లు లెక్కపెడుతోంది, తడి వేళ్ళతో, ఒక్కో నోటూ విడదీసి, మడిచి, రొంటిన దోపుకున్న గుడ్డసంచిలో పెడుతోంది. కెమెరా చూసి బిగుసుకుపోయింది. ఫొటో బాగానే వచ్చింది గానీ అందులో ఉన్నది కెమెరాని చూస్తున్న మనిషి. తర్వాత వెళ్ళినప్పుడు ప్రింటు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, పక్కావిడకి చూపించి, "ఏటమ్మా, ఇది నా మొకమేనా?" అంది. ఆ మర్నాటినుంచి నేనక్కడ ఉన్నానన్నదే పట్టించుకోవడం మానేసింది. మళ్ళీ కొన్నాళ్ళకి తనే పిలిచి, "మా అత్తకి ఒక్క పొటో కూడా లేదు, తీసిపెడుదువా?" అని అడిగి జాలరిపేటలో వాళ్ళింటికి తీసుకెళ్ళింది. ఆ ఇంట్లో, గుమ్మం పక్క వెలుతుర్లో, ముసలావిడ వల బాగుచేస్తుంటే తీసిన ఫొటోలు నా మొత్తం పనిలో నాకు బాగా ఇష్టమైనవి. పెద్దది చేయించి ఇస్తే దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. ప్రింటు ఇవ్వకపోయుంటే ఆ తలుపు నాకు తెరుచుకునేది కాదు.

ప్రింటు గురించి ఒక మాట. నాలుగు బై ఆరు సైజు చాలు, స్కాన్ నుంచి మామూలు స్టూడియోలో వేయించినా చాలు. సముద్రం ఒడ్డు ఇళ్ళకి ఇచ్చేది మాత్రం లామినేషన్ చేయించి ఇవ్వండి. ఉప్పుగాలికి, చెమ్మకి మామూలు ప్రింటు ఒక్క వానాకాలంలో అద్దానికి అతుక్కుపోతుంది.

ఇంకో సంగతి. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. చాలామంది ఫొటోగ్రాఫర్లు ఆ రోజుల్లో హార్బర్ ఖాళీ అనుకుని వెళ్ళరు. నిజానికి బోట్లన్నీ ఒక్కచోట కట్టేసి ఉండేది అప్పుడే. చెక్కలు మార్చడం, రంగులు వేయడం, వలలు కుట్టుకోవడం, నీడన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. మిగతా ఏడాదంతా పరుగుమీదుండే మనుషులు మీతో మాట్లాడేది ఆ రెండు నెలల్లోనే. చేతిలో డబ్బు ఆడక ఇబ్బందిపడే కాలం కూడా అదే. ఆ సంగతి మనసులో పెట్టుకుని తీయండి.

హార్బర్ అందరికీ సరిపడకపోవచ్చు. వన్‌టౌన్ ఉంది. కురుపాం మార్కెట్ సందులు, బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి చుట్టుపక్కలు, పూర్ణా మార్కెట్, రాస్ హిల్ చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఆ మూడు కొండల మెట్లు. మార్గశిర మాసంలో గురువారాలు బురుజుపేటలో ఇసకేస్తే రాలని జనం. అమ్మవారు పైకప్పు లేకుండా ఆరుబయట ఉంటుంది కాబట్టి ఆ చుట్టుపక్కల వెలుతురు కూడా వేరుగా ఉంటుంది. గుడి లోపల మాత్రం అడిగి, ఒప్పుకుంటేనే కెమెరా తీయండి.

వైజాగ్ వెలుతురు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పేది వేరే దేశాల వెలుతురు. మనకి సముద్రం తూర్పున. పొద్దున్న సముద్రం వైపు తిరిగిన ప్రతి ముఖం మీదా ఎండ నేరుగా పడుతుంది. సాయంత్రం సూర్యుడు కొండల వెనక్కి పోతాడు కాబట్టి బీచ్ మీద నీడ తొందరగా వచ్చేస్తుంది, కానీ ఆకాశం ఇంకా వెలుగుతూనే ఉంటుంది. ఆ నీడలో ముఖాలు చాలా మెత్తగా వస్తాయి. సూర్యాస్తమయం కోసం బీచ్‌కి వెళ్ళి నిరాశపడేవాళ్ళు ఈ వెలుతుర్ని వదులుకుంటున్నారు. మే చివర్లో 5.20 ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరిలో దాదాపు 6.30. అంటే ఎండాకాలంలో మీరు ఆరింటికి బయల్దేరితే అసలు వెలుతురు అయిపోవస్తుంది. పైగా మే రెండోవారం ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కనుబొమ్మల కింద నల్లటి గుంటలు తప్ప కళ్ళు కనిపించవు. అప్పుడు మనుషుల్ని అరుగుల మీద, పందిళ్ళ కింద, గుమ్మాల్లో తీయండి, లేదా కెమెరా దాచి అన్నం తినండి.

మీ కె1000 మీటర్ ఫ్రేము మొత్తాన్నీ సగటు తీస్తుంది. వెనక మెరిసే సముద్రం, తెల్లటి ఆకాశం ఉంటే దానికి వెలుతురు ఎక్కువున్నట్టు అనిపించి తక్కువ ఎక్స్‌పోజర్ చూపిస్తుంది. ముఖం మసిబారిపోతుంది. మీ బీచ్ ఫొటోల్లో మనుషులు నల్లగా వచ్చారన్నారు కదా, కారణం ఇదే. మందు సులువు. మనిషి ఉన్న వెలుతురులోనే మీ చెయ్యి పెట్టి, చేతి వెనకభాగం ఫ్రేము నిండా కనిపించేలా పెట్టుకుని మీటర్ చూడండి. మన చామనఛాయ చర్మం మధ్యరకం బూడిదరంగుకి (మీటర్ లెక్కంతా దాని ప్రకారమే) చాలా దగ్గర, కాబట్టి ఆ రీడింగు అలాగే వాడొచ్చు. అరచేయి కొలిస్తే అది ఇంకా లేత రంగు, ఒక స్టాపు (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువ ఇవ్వాలి. నెగటివ్ ఫిల్మ్ విషయంలో అనుమానం వస్తే వెలుతురు ఎక్కువ ఇవ్వడమే మేలు. రంగు నెగటివ్ ఒక స్టాపు ఎక్కువైనా హాయిగా తట్టుకుంటుంది. తక్కువైతే నీడల్లో ఏమీ మిగలదు, ఏ స్కానరూ దాన్ని తీసుకురాలేదు.

ఫిల్మ్ సంగతి తొందరగా ముగిస్తాను. నలుపు-తెలుపుకి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ 400, రంగుకి కొడాక్ గోల్డ్ 200. (400, 200 అంటే ఫిల్మ్ స్పీడు, అంకె పెరిగితే తక్కువ వెలుతురు చాలు.) మీ చోటుకి వీటిలో ఒకటి ఎంచుకుని దానితోనే ఏడాది గడపండి. ఇవాళ్టి ధరల్లో ఖరీదైన కొడాక్ పోర్ట్రా ఫిల్మ్ వాడి భయం భయంగా తీయడం కంటే, మామూలు ఫిల్మ్ స్వేచ్ఛగా వాడటం మంచిది. కెమెరా మార్చాలన్న ఆలోచన కూడా మానుకోండి. కె1000 కంటే మంచి నేస్తం మీకిప్పుడు అవసరం లేదు.

ఇక ప్రయాణాలు. చేయొద్దనట్లేదు, నేనూ చేస్తాను. కానీ ఇంటి చోటులో నేర్చుకున్నది పట్టుకుని వెళ్తాను.

ఎర్రమట్టి దిబ్బలు, వైజాగ్ నుంచి భీమిలి వెళ్ళే దారిలో. అందరూ రంగులో తీస్తారు, బాగుంటుంది కూడా. ఒకసారి నలుపు-తెలుపులో తీసి చూడండి. మామూలుగా తీస్తే ఎర్రమట్టి, నీలాకాశం రెండూ దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి, ఫొటో చప్పగా వస్తుంది. లెన్సు ముందు 25 నంబరు ఎర్ర ఫిల్టరు పెట్టండి. మట్టి తెల్లగా వెలిగిపోతుంది, ఆకాశం నల్లబడుతుంది, వాన నీళ్ళు కోసిన గీతలన్నీ ఒక్కొక్కటిగా లేస్తాయి. ఫిల్టరు మూడు స్టాపులు తినేస్తుంది. పాత మీటర్లు ఎరుపు దగ్గర తడబడతాయి కాబట్టి ఫిల్టరు పెట్టకముందే కొలిచి, మూడు స్టాపులు మీరే కలుపుకోండి. దిబ్బల అంచుల మీదకి మాత్రం ఎక్కకండి. అది జియాలజికల్ సర్వే గుర్తించిన భూవారసత్వ స్థలం, ఒక్క అడుగుకి విరిగిన అంచు మళ్ళీ రాదు. అక్కడినుంచి భీమిలి దగ్గరే. డచ్చివాళ్ళ సమాధులు, గోస్తని సముద్రంలో కలిసేచోటు, రెండూ పొద్దున్నే చూడాలి.

సింహాచలం గిరిప్రదక్షిణ నాకు ఎంతో ఇష్టమైన షూట్. ఆషాఢ పౌర్ణమికి, కొండచుట్టూ దాదాపు 32 కిలోమీటర్లు, కొండ దిగువన తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా రాత్రంతా నడక. ఇక్కడ నా సలహా ఒక్కటే, మీరూ నడవండి. రోడ్డు పక్కన నిలబడి జూమ్ లెన్సుతో తీసేవాడికి గుంపు కనిపిస్తుంది. నడిచేవాడికి చెప్పులు చేతిలో పట్టుకున్న తాతగారు, నిద్రపోయిన పిల్లని భుజాలు మార్చుకుంటూ మోసే అన్నదమ్ములు, అప్పూఘర్ దగ్గర సముద్రంలో మునిగి తడిబట్టలతోనే మళ్ళీ నడక మొదలెట్టిన ఆడవాళ్ళు కనిపిస్తారు. హెచ్‌పి5ని 1600 స్పీడు దగ్గర పెట్టి, వీధిదీపం కింద ఎఫ్/2 (లెన్సు రంధ్రం బాగా తెరిచి), అరవయ్యో వంతు సెకనులో తీస్తాను. ఇంటికొచ్చాక డెవలపింగ్ టైమ్ పెంచాలి. నీడలు నల్లగా పోతాయి, అది తెలిసి దీపం పడుతున్న ముఖాలనే తీయండి. ఆషాఢం కాబట్టి వాన ఖాయం, జేబులో ప్లాస్టిక్ కవరు ఉండాలి.

అరకు వెళ్తే రైల్లో వెళ్ళండి. కొత్తవలస-కిరండూల్ లైన్లో 58 సొరంగాలంటారు. చీకట్లోంచి వెలుతుర్లోకి వచ్చే ఆ క్షణంలో కిటికీ పక్క కూర్చున్న మనిషి ముఖం చూడండి, బయటి లోయని కాదు. నవంబరు, డిసెంబరుల్లో వలిసెపూలు పూస్తాయి, అప్పుడు గోల్డ్ 200 తీసుకెళ్ళండి. లంబసింగిలో పొగమంచు మీటర్ని మోసం చేస్తుంది, తెల్లటి మంచుని బూడిదగా మార్చేస్తుంది. చూపించినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపు ఎక్కువివ్వండి. వారపు సంతల్లో గిరిజనుల్ని వింతగా చూస్తూ ఫొటోలు తీయకండి. అడగండి, కొనండి, మాట్లాడండి, వద్దంటే ఊరుకోండి. పిల్లల ఫొటోకి తల్లినో తండ్రినో అడగాల్సిందే.

విమానంలో వెళ్ళేట్టయితే ఫిల్మ్‌ని చెక్-ఇన్ బ్యాగులో ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు, అక్కడి స్కానర్ ఫిల్మ్‌ని పాడుచేస్తుంది. చేతి సంచిలో, కనిపించే కవర్లో పెట్టుకుని చేత్తో చూడమని మర్యాదగా అడగండి. పాతరకం ఎక్స్‌రేకి 400 ఫిల్మ్ తట్టుకుంటుంది గానీ కొత్తగా వస్తున్న సీటీ స్కానర్లకి తట్టుకోదు.

వైజాగ్‌కే చెందిన జాగ్రత్త ఒకటి. ఇది తూర్పు నౌకాదళం కేంద్రం. పోర్టు, నేవీ ప్రాంతాలు, డాల్ఫిన్స్ నోస్ వైపు నిషేధం బోర్డులు ఉన్నచోట కెమెరా సంచిలోంచి బయటికి రాకూడదు. ఫిల్మ్ కెమెరాలో డిలీట్ చేసి చూపించే వీలు లేదు, రీలు మొత్తం పోతుంది, టెన్షన్ వేరే.

ఇన్‌స్పిరేషన్ ఎక్కడినుంచి అన్నారు. ముగ్గురి పేర్లు చెప్తాను. రాజా దీన్‌దయాళ్, 19వ శతాబ్దంలో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. సికింద్రాబాద్‌లో స్టూడియో, 1892లో హైదరాబాద్‌లో ఘోషా స్త్రీల కోసం వేరుగా ఇంకో స్టూడియో. ఆయన తీసింది గాజుపలకల మీద. ఒక్కో ఫొటోకి ఒక్కో పలక మోసుకెళ్ళాలి. ఆయన ఫొటోల్లో మనుషులు నిలబడిన తీరు చూస్తే, షట్టర్ నొక్కకముందు ఎంతసేపు చూసి ఉంటాడో తెలుస్తుంది. 36 ఫ్రేములు చాలవని నాకనిపించినప్పుడల్లా ఆ పలకలు గుర్తుచేసుకుంటాను. రెండు, రఘుబీర్ సింగ్ (1942-1999). ప్రపంచమంతా కళాత్మక ఫొటో అంటే నలుపు-తెలుపే అనుకుంటున్న రోజుల్లో మన దేశాన్ని రంగులోనే చూడాలని పట్టుబట్టినవాడు. గంగ దగ్గరికి ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వెళ్ళినవాడు. మీకు నేను చెప్తున్నది కొత్త మాటేమీ కాదన్నమాట. మూడు, ఫొటోగ్రాఫర్ కాదు, మన ఊరి రావిశాస్త్రిగారు. వృత్తి వకీలు, రాసింది విశాఖలోని పేదవాళ్ళ గురించి. వాళ్ళ మాట, వాళ్ళ నవ్వు, వాళ్ళ కష్టం, దేన్నీ చిన్నబుచ్చకుండా రాశారు. హార్బర్లో కెమెరా ఎత్తేముందు నాకు కావల్సిన చూపు ఆయన దగ్గర దొరికింది. ఫొటో పుస్తకాలు కొనే డబ్బులు లేకపోతే మీ ఊరి కథలు చదవండి, కంటికి పని దొరుకుతుంది.

ఇన్‌స్పిరేషన్‌కి ఇంకో మూలం కూడా ఉంది, అది ఊరే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. ఊళ్ళో చెట్లు ఎన్ని కూలిపోయాయో అప్పుడు ఇక్కడున్నవాళ్ళకి తెలుసు. అంతకుముందు ప్రత్యేకంగా ఏ ఉద్దేశమూ లేకుండా తీసిన చెట్ల కింద టీకొట్టు, యూనివర్సిటీ దారిలో నీడ, ఇవే ఇప్పుడు నన్ను ఎక్కువమంది అడిగి తీసుకునే ప్రింట్లు. మీ వీధి మామూలుగా ఉంది, తీయడానికేముంది అనుకుంటున్నారు కదా. తీయండి. నెగటివ్‌ల మీద తేదీ, చోటు రాసి దాచండి.

ఫిల్మ్ ఇంట్లో కడుక్కోవడం నేర్చుకోండి, కనీసం నలుపు-తెలుపు. ఖర్చు తగ్గుతుంది, పైగా ఆదివారం తీసింది ఆదివారం రాత్రికే చూసుకుంటారు, తర్వాతి వారానికి ప్రింటు రెడీ. కానీ మన వాతావరణంలో కొన్ని చిక్కులున్నాయి.

మొదటిది చెమట. ఏప్రిల్, మే నెలల్లో ఛేంజింగ్ బ్యాగులో (వెలుతురు చొరని సంచి) చేతులు పెట్టిన రెండు నిమిషాలకే లోపల ఆవిరి పడుతుంది, ఫిల్మ్ దాన్ని చుట్టాల్సిన ప్లాస్టిక్ స్పైరల్‌కి అతుక్కుని ముందుకు కదలదు. బలవంతం చేస్తే నలుగుతుంది. రాత్రిపూట, ఏసీ ఉన్న గదిలో లైట్లన్నీ ఆర్పి, తలుపు సందులు దుప్పటితో మూసి ఎక్కించండి. స్పైరల్ పూర్తిగా పొడిగా ఉండాలి. ముందురోజు కడిగి ఎండబెట్టుకోండి.

రెండోది నీళ్ళ వేడి. పుస్తకాల్లో లెక్కలన్నీ 20 డిగ్రీలకి. మన కుళాయి నీళ్ళు ఎండాకాలంలో 30 దగ్గర ఉంటాయి. హెచ్‌పి5ని డి-76 డెవలపర్లో (బొమ్మని తేల్చే మందు) ఒకటికి ఒకటి నీళ్ళు కలిపి 20 డిగ్రీల్లో కడిగితే 11 నిమిషాలు. అదే 24 డిగ్రీలైతే ఏడున్నర, ఎనిమిది మధ్య. నేను 24నే ఎంచుకుంటాను, బేసిన్లో కాసిని ఐస్ ముక్కలు వేస్తే ఆ వేడి నిలబెట్టడం తేలిక. కుళాయి నీళ్ళ 30 డిగ్రీల దాకా పోతే టైమ్ ఐదు నిమిషాల దగ్గరికి తగ్గిపోయి ఫిల్మ్ మీద మరకలు మరకలుగా వస్తుంది. పల్చగా కలిపిన డెవలపర్ వాడమనేది కూడా అందుకే, టైమ్ కాస్త పెరుగుతుంది. డెవలపర్, ఫిక్సర్ (బొమ్మని ఫిల్మ్ మీద నిలబెట్టే మందు), కడిగే నీళ్ళు అన్నీ ఒకే వేడిలో ఉండేలా చూసుకోండి. చల్లటి డెవలపర్ నుంచి ఒక్కసారిగా వేడి కుళాయి కిందకి పోనివ్వకండి.

మూడోది బోరు నీళ్ళు. ఆరాక ఫిల్మ్ మీద తెల్లటి చుక్కలు మిగులుతాయి. చివరి తడుపుకి మాత్రం డిస్టిల్డ్ వాటర్ వాడండి, పెట్రోలు బంకుల్లో, ఆటోమొబైల్ షాపుల్లో బ్యాటరీ వాటర్ అని దొరికేది చాలు. నీళ్ళు తక్కువ వచ్చే అపార్ట్‌మెంట్లో ఉంటే ఇల్‌ఫోర్డ్ వాళ్ళ పద్ధతి ఉంది. ఫిక్సర్ అయ్యాక ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయడం, మళ్ళీ నింపి పదిసార్లు, మళ్ళీ ఇరవైసార్లు. అంతే, కుళాయి కింద అరగంట పెట్టక్కర్లేదు. ఆరబెట్టేది స్నానాలగదిలో, ఫ్యాను లేకుండా.

రంగు ఫిల్మ్ (సి-41) 38 డిగ్రీల్లో కడగాలి. విచిత్రంగా ఇందులో మన ఎండాకాలం మనకి మేలు చేస్తుంది, నీళ్ళు అప్పటికే సగం దారిలో ఉంటాయి. కానీ డెవలపర్లో 3 నిమిషాల 15 సెకన్లే కాబట్టి తడబాటుకి చోటు లేదు. నలుపు-తెలుపులో చెయ్యి తిరిగాక వెళ్ళండి, అప్పటిదాకా బయటి ల్యాబుకి కొరియర్ చేయండి.

కెమెరా విషయానికొస్తే వైజాగ్‌లో లెన్సుకి పెద్ద శత్రువు ఫంగస్. తోలు కేసులో పెట్టి బీరువాలో దాచారంటే దాన్ని పెంచినట్టే. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటర్ పెట్టి 40-50 శాతం మధ్య ఉంచండి. అంతకంటే మంచి మందు, కెమెరాని తరచూ ఎండలోకి, గాలిలోకి తీసుకెళ్ళి వాడటం. బీచ్ నుంచి రాగానే తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో మళ్ళీ తుడవండి. ఉప్పుని పొడిగుడ్డతోనే రుద్దితే గీతలు పడతాయి. వెనక తలుపు అంచున నల్లటి స్పాంజి జిగురుజిగురుగా తగిలితే అది మార్చాలి, లేకపోతే ఫిల్మ్ మీద వెలుతురు గీతలు వస్తాయి. ఫిల్మ్ ఫ్రిజ్‌లో పెట్టుకోండి, బయటికి తీశాక ఒకట్రెండు గంటలు ఆగి డబ్బా తెరవండి, లేదంటే చెమ్మ పడుతుంది.

ఇక మీ మీటర్ సూది. కె1000కి అడుగుభాగంలో నాణెంతో తిప్పితే వచ్చే చిన్న మూత ఉంటుంది, లోపల ఒకే బటన్ సెల్, ఎల్ఆర్44 లేదా ఎస్ఆర్44. ముందు అది మార్చండి. ఈ కెమెరాలో మీటర్‌కి ఆఫ్ స్విచ్ లేదు, వెలుతురు పడుతున్నంతసేపూ సెల్ అరుగుతుంది. అందుకే లెన్సు మూత ఎప్పుడూ పెట్టి ఉంచండి. కొత్త సెల్ వేసినా కదలకపోతే లోపలి రేకు మీద పచ్చగా చిలుము ఉందేమో చూసి, వెనిగర్లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, ఆరనిచ్చి మళ్ళీ వేయండి. అప్పటికీ కదలకపోతే మెకానిక్‌కి ఇవ్వాల్సిందే, కానీ దానికోసం షూట్ ఆపక్కర్లేదు. ఈ కెమెరా షట్టర్‌కి సెల్‌తో పనిలేదు. ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టర్ ఫిల్మ్ స్పీడుకి దగ్గర్లో పెట్టండి, హెచ్‌పి5కి ఐదువందలో వంతు, గోల్డ్‌కి రెండువందల యాభయ్యో వంతు. నీడలోకి వెళ్తే షట్టర్ అలాగే ఉంచి ఎఫ్/5.6. ఫోన్లో లైట్ మీటర్ యాప్ ఒకటి వేసుకుంటే సందుల్లో, గుమ్మాల్లో పనికొస్తుంది. హార్బర్‌కి ఈ ఆదివారమే వెళ్ళండి, ఐదున్నరకల్లా అక్కడుండాలి, జారని చెప్పులు వేసుకోండి.